బస్సులో వచ్చే మబ్బులు

మీ తరం వాళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని "సార్, ఫైలు తెరుచుకోవడం లేదు" అని తల పట్టుకుంటే అందరూ నవ్వుతారు. నాకు మాత్రం అరచేతులకు చెమట పడుతుంది. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ మాట చెవిన పడితే కుర్చీలో నిలవలేను, లేచి హాల్లో అటూ ఇటూ తిరుగుతాను. మా ఆవిడ "ఇంగ మొదలాయె" అని దారిలో ఉన్న స్టూలు పక్కకు జరుపుతుంది.

మా కాలంలో ఫైలంటే టేపు చుట్ట. అది పులివెందులలో పుట్టి, ఒక చెక్క డబ్బాలో బస్సెక్కి, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు వచ్చి నా బల్ల మీద తెరుచుకోవాలి. అది తెరుచుకోకపోవడం వల్ల ఒక మనిషి కూడు పోయేదాకా వచ్చింది. ఆ సంగతి చెప్తాను. మన ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఓపిగ్గా వినండి, ఇందులో మీకు పనికొచ్చేది ఉంటే ఉంటుంది, లేకపోతే కాసేపు పొద్దుపోతుంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు నేను చాపాడు బడిలో చదువుకుంటున్నాను. ఆంధ్రప్రదేశ్ అయ్యాక, ఇంకా దాని కొత్తదనం పోకముందే, నాకీ ఉద్యోగం వచ్చింది. అప్పుడే ఆకాశంలో వాతావరణ ఉపగ్రహాలు తిరగడం మొదలైంది. పొద్దున తొమ్మిది ప్రాంతంలో ఒకటి మన నెత్తి మీదుగా పోతూ, కింద కనబడిన మబ్బుల బొమ్మను శబ్దంగా మార్చి పంపేది. వింటే గోడ గడియారం, కీచురాయి కలిసి పాడినట్టు ఉండేది. ఆ శబ్దాన్ని టేపు మీద పట్టుకుంటే, తర్వాత యంత్రంలో వేసి, గీత పక్కన గీతగా కాగితం మీద బొమ్మ తీయొచ్చు. ఆ బొమ్మలో మబ్బు ఎక్కడుందో, ఎంత దట్టంగా ఉందో కొలిచి పై ఆఫీసుకు పంపడం నా పని.

పట్టుకునే చోటు పులివెందుల, బొమ్మ తీసే చోటు ప్రొద్దుటూరు. ఎందుకిలా అని మీరడుగుతారు, అడగాలి కూడా. ప్రొద్దుటూరు నిండా జిన్నింగు మిల్లులు, మోటార్లు. రేడియో పెడితే పాట కంటే బరబర ఎక్కువ వినబడేది. ఆకాశం నుంచి వచ్చే సన్నటి శబ్దం ఆ గోలలో దొరకదు. పులివెందుల పక్కన గుట్ట మీద గోల లేదు, కానీ నమ్మదగిన కరెంటూ లేదు. కాబట్టి అక్కడ బ్యాటరీల మీద టేపు పట్టేవాళ్ళు, ఇక్కడ కరెంటు మీద నేను బొమ్మ తీసేవాణ్ణి. మధ్యలో ఉన్నది బస్సు. ఆ మధ్యలో ఉన్నదాని గురించి మాలో ఒక్కరూ ఆలోచించలేదు.

గుట్ట మీద ఉండే ఆపరేటరు వేంపల్లె పక్క పల్లె కుర్రవాడు. నా కంటే చిన్న, నన్ను అన్నా అనేవాడు. ఇంట్లో అందరూ గొర్రెలు కాసేవాళ్ళు. సర్కారు ఉద్యోగం చూసిన మొదటివాడు వీడే, అదీ టెంపరరీ. వాడి పని వినడానికి సులువు, చేయడానికి నరకం. ఉపగ్రహం ఒక దిక్కున లేచి ఇంకో దిక్కున మునిగేదాకా, దానికి ఎదురుగా ఉండేట్టు ఏరియల్‌ను చేత్తో తిప్పుతూ ఉండాలి. చెయ్యి ఆగితే శబ్దం సన్నబడుతుంది. చెవులకు హెడ్‌ఫోను, చేతిలో ఏరియల్ కర్ర, నెత్తిన ఎండ.

ప్రొద్దుటూరులో మా ఇన్‌చార్జి గారు కోస్తా నుంచి వచ్చారు. మంచి మనిషే, కానీ మా మాట ఆయనకు మొరటుగా తోచేది. నేను మామూలుగా "ఏంది సార్" అన్నా, తిట్టినట్టు ఉలిక్కిపడేవారు. ఆయన "ఏమండీ" అని మొదలుపెడితే ఆ మెత్తదనానికి నాకు ఒళ్ళు మండేది. అట్లా ఒకరినొకరు భరించుకుంటూ పని చేశాం.

మొదట్లో బొమ్మలు బాగానే వచ్చాయి. తర్వాత ఒకరోజు యంత్రంలోంచి వచ్చిన కాగితం చూసి గుండెల్లో రాయి పడింది. మబ్బుల మధ్య తెల్లటి పట్టీలు. పైనుంచి కిందికి, పట్టీ, కొంత బొమ్మ, మళ్ళీ పట్టీ. ఆ పట్టీల్లో ఏమీ లేదు. ఇంకొన్ని రోజులు అసలు యంత్రమే కదల్లేదు. టేపు మొదట్లో ఒక కూత ఉంటుంది, "ఇక్కడి నుంచి బొమ్మ మొదలు" అని. అది వినబడితేనే యంత్రం గీయడం మొదలుపెడుతుంది. ఆ కూతే చెరిగిపోతే అది ఊరికే తిరుగుతూ కూర్చుంటుంది. మీరు ఫైలు తెరుచుకోలేదంటారే, అది అదే.

ఏం చేయాలో అన్నీ చేశాం. టేపు రాసుకునే తలను స్పిరిట్‌తో తుడిచాం. వాల్వులు మార్చాం. కొత్త టేపులు తెప్పించాం. కరెంటును తిట్టాం. ఇన్‌చార్జి గారైతే నా చేతుల్లో చెమట ఎక్కువని, టేపు ముట్టుకునే ముందు సబ్బుతో కడుక్కోమన్నారు. కడుక్కున్నాను, లోపల పళ్ళు కొరుక్కుంటూ. పట్టీలు పోలేదు. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మళ్ళీ పట్టీలు. దానికొక వరస లేదు, లెక్క లేదు.

ఇక మిగిలింది మనిషి. ఇన్‌చార్జి గారు తేల్చేశారు.

"ఏమండీ, చెయ్యి నొప్పెట్టి మధ్య మధ్యలో ఆపేస్తున్నాడు ఆ అబ్బాయి. అంతే కదా. మబ్బులు తమంతట తాము పట్టీలుగా కోసుకుని తిరుగుతాయా?"

ఆపరేటరు జీతం రోజున ప్రొద్దుటూరు వచ్చినప్పుడు ఈ మాటే వాణ్ణి అడిగారు. వాడు నీళ్ళు నమలలేదు. నిలబడి, నేరుగా చెప్పాడు.

"లేదు సార్. నా చెయ్యి ఆగలే. నేను చెవులారా వింటాండా కదా, శబ్దం యాడా తెగలే. ఆడ బాగుండాది, ఈడికొచ్చేసరికి ఏమయితాందో నాకు తెల్దు."

"అక్కడ బాగుందని రుజువేంటి?"

రుజువు లేదు. పట్టిన టేపును గుట్ట మీద తిరగేసి వినకూడదని రూలు. బ్యాటరీ అయిపోతుందని ఆ రూలు పెట్టింది ఇన్‌చార్జి గారే. వాడు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు తిరిగి, బయట ఏదో ఉన్నట్టు చూశాను. నాకు మాత్రం ఏం తెలుసని?

తర్వాత ఉన్నట్టుండి పట్టీలు మాయమయ్యాయి. ఒక వారం కాదు, నెల దాటినా ఒక్క తెల్ల గీత లేదు. రోజూ అద్దంలాంటి బొమ్మలు. ఇన్‌చార్జి గారి ముఖం వెలిగిపోయింది. అప్పటికి కొద్దిరోజుల ముందే ఆయన స్పిరిట్ సీసా మార్పించారు, అందులోనే మర్మం ఉందని పై ఆఫీసుకు రాసి పంపారు. నాకు కూడా వివరంగా చెప్పారు, పాత స్పిరిట్‌లో నీళ్ళు కలిసి ఉంటాయని. తల ఊపాను. బాగుపడిన దాన్ని ఎందుకు బాగుపడిందని అడిగితే దిష్టి తగులుతుందేమోనని భయం.

దిష్టి తగలనే తగిలింది. పట్టీలు తిరిగొచ్చాయి, మునుపటి కంటే ఎక్కువగా. ఇప్పుడు స్పిరిట్ మంచిదని పై ఆఫీసుకు రాసేశాం కాబట్టి, తప్పు ఇంకెక్కడా మిగల్లేదు, గుట్ట మీద తప్ప. పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. పెద్ద అధికారి స్వయంగా ప్రొద్దుటూరు వస్తారు, ఆ రోజు టేపును దగ్గరుండి చూస్తారు. ఆపరేటరు అశ్రద్ధ అని తేలితే తీసేస్తారు.

మెమో నకలు వాడికీ పోయింది. ఆ ఆదివారం వాడు మా ఇంటికి వచ్చి, వసారాలో కూర్చోకుండా నిలబడ్డాడు.

"అన్నా, వేంపల్లెలో నాకు పిల్లను ఖాయం చేసినారు. నెలాఖరుకు పెండ్లి. ఆ పిల్ల నాయన నన్ను అడిగింది ఒగటే మాట, ఉద్యోగం నిలుస్తాదా అని. నిలుస్తాదని చెప్పినా. ఇప్పుడు ఈ మాట పోయి ఎట్ల చెప్పేది?"

"చెప్పొద్దు."

"దాచిపెట్టి తాళి కట్టమంటావా?"

కూర్చోమన్నాను, కూర్చోలేదు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే తాగి, లోటా బోర్లించి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. అన్నం ముందు కూర్చుంటే పట్టీలు, నడుస్తుంటే పట్టీలు. పాత బొమ్మలన్నీ ఇంటికి తెచ్చుకుని నేల మీద పరిచి, వాటి చుట్టూ ప్రదక్షిణలు చేసేవాణ్ణి.

ఒక సాయంత్రం అట్లా తిరుగుతుంటే మా ఆవిడ లోపల ట్రంకు పెట్టె తెరిచి ఎలుకను తిట్టడం వినబడింది. పెండ్లికి కట్టుకుందామని దాచుకున్న చీర తీసి విదిలిస్తే, చీర పొడవునా వరసగా చిల్లులు.

"ఒగచోట కొరికి పోయింటే అతుకు ఏసుకుంటును. ఇన్ని తావుల కొరకల్నా దీని పాడుగాను?"

"ఒగచోటనే కొరికింది" అన్నాను నేను. "మడత మీద ఉన్నప్పుడు కొరికింది. ఇప్పినాక ఇన్నిచోట్ల కనపడతాంది."

నా నోట్లోంచి వచ్చిన మాట నాకే కొత్తగా వినిపించింది. ఆమె చేతిలో చీర ఉండగానే నేను వెళ్ళి నేల మీది బొమ్మల ముందు గొంతుక్కూర్చున్నాను. ఒక బొమ్మలో పైన పట్టీలు ఎడంగా ఉన్నాయి. నడుమ కొంచెం దగ్గర. కిందికొచ్చేసరికి ఇంకా దగ్గర. అన్ని రోజుల బొమ్మల్లోనూ అంతే. మనిషి చెయ్యి అంత లెక్కగా ఆగదు, అలిసినవాడి చెయ్యి అసలే ఆగదు. టేపు చుట్టలో పైచుట్టు పెద్దది, లోపలికి పోయే కొద్దీ చుట్టు చిన్నది. చుట్టిన టేపును ఒక్కచోట ఏదో కొరికింది. విప్పినప్పుడు పైన ఎడంగా, లోపల దగ్గరగా కనబడుతోంది.

అంటే టేపు పట్టేటప్పుడు పాడు కాలేదు. నా యంత్రంలోనూ కాలేదు. చుట్టి, డబ్బాలో పెట్టి, మూత వేశాక అయింది.

మర్నాడే పెద్ద అధికారి వచ్చే రోజు. పొద్దున గుట్ట మీద ఉండాలంటే ఆ సాయంత్రం బస్సుకే పోవాలి. ఇన్‌చార్జి గారి ఇంటికి వెళ్ళి చెప్తే ఆయన గడపకు అడ్డంగా నిలబడ్డారు.

"ఏమండీ, ఆఫీసరు గారు వస్తుంటే మీరు ఊరెళ్తారా? నేనేం చెప్పను ఆయనకి?"

"మబ్బులు తెచ్చేకి పోయినాడని చెప్పండి సార్" అన్నాను. తర్వాత చాలా కాలం ఈ మాట పట్టుకుని ఆయన నన్ను దెప్పారు.

పొద్దున గుట్ట మీద వాడు ఏరియల్ తిప్పుతుంటే పక్కన నిలబడి చూశాను. పళ్ళ బిగువున, రెప్ప వేయకుండా, ఆకాశంలో కనబడని దాని వెంట తిరిగాడు. అది మునిగిపోయాక చెయ్యి దించితే భుజం ఎగిరెగిరి పడుతోంది. నేను రూలు మీరి టేపు తిరగేశాను. హెడ్‌ఫోను చెవికి పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నాను. కూత ఉంది, శబ్దం ఉంది, ఎక్కడా తెగలేదు.

"ఇప్పుడన్నా నమ్ముతావా?" అన్నాడు వాడు.

"నిన్ను నేనెప్పుడు నమ్మలేదు?"

"నమ్మింటే ఈడిదాకా వస్తావా అన్నా" అని డబ్బా నా చేతికిచ్చాడు. గట్టిగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

బస్సు డ్రైవరు పెద్దాయన. మా డబ్బాను మొదటి నుంచీ ఆయనే తెచ్చేవాడు, దాన్ని సర్కారు డబ్బా అనేవాడు. సీటు వెనక ఆయన సొంత చెక్క అర ఒకటి ఉండేది. అన్నం క్యారియరు, నీళ్ళ కూజా, మా డబ్బా అందులోనే. ఇంకెవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఆ రోజు నేను ఆ అర పక్కనే నిలబడితే అనుమానంగా చూశాడు.

"ఏంది సామీ, సీట్లు ఖాళీగా ఉండాయి. కూచోరాదా?"

"నిలబడితేనే బాగుండాదప్పా."

"నీ డబ్బా యాడికీ పోదులే. నేను పసిబిడ్డను సూసుకున్నట్ల సూసుకుంటాండా."

అది నిజమే. ముద్దనూరు దాకా నాకు ఒక్క తప్పు కనబడలేదు. గుంత వచ్చినప్పుడల్లా ఆయన వెనక్కి చెయ్యి చాపి డబ్బాను ఆపేవాడు. ఇంజను వేడి అటు రావడం లేదు. నీళ్ళు ఒలకడం లేదు. ప్రొద్దుటూరులో పెద్ద అధికారి కూర్చుని ఉంటాడు, నేను ఉత్త చేతులతో దిగాలి. చెమటతో చొక్కా వీపుకు అంటుకుంది. ఒక ముసలామె "ఏం నాయనా, కడుపు నొస్తాందా" అని అడిగింది.

జమ్మలమడుగులో బస్సు ఆగింది. మైకుసెట్టు సాయిబు ఎక్కాడు. ఆ చుట్టుపక్కల ఏ పెండ్లికైనా ఆయన మైకే. పెద్ద బూరలు బస్సు మీదికి ఎక్కించి, చేతిలో ఒక గోనెసంచితో ముందుకొచ్చాడు. బూరల వెనక బిగించే యూనిట్లు అందులో ఉంటాయి, బూరకు గొంతు ఇచ్చేది అవే.

"బద్రం మామా" అన్నాడు డ్రైవరుతో. "దెబ్బ తగిలితే గొంతు పోతాది."

"నాకు చెప్పల్నా? ఎప్పుడూ పెట్టే తావునే పెడతాండా."

డ్రైవరు సంచి అందుకుని, ఎంతో మెత్తగా, మా డబ్బా మీద పెట్టాడు. మా డబ్బా సమంగా, పీటలాగా ఉంటుంది కదా. పెట్టి, కాళ్ళ దగ్గర దొర్లుతున్న పానా తీసి సంచికి ఆనించాడు. పానా టక్కున అతుక్కుని నిలబడిపోయింది.

"సూడు సామీ" అన్నాడు నాతో, మురిసిపోతూ. "ఈ సంచి ఉంటే నా పానాలు యాడికీ దొర్లవు. పట్టుకుంటాది."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది ఆ రోజు నాకు తెలిసింది. సంచి పట్టి లాగాను. పానా నా కాలి మీద పడింది. డబ్బాను గుండెకు హత్తుకుని బస్సులో అందరి ముందూ అరిచాను.

"అయస్కాంతం తెచ్చి టేపు మీద పెడతాండారు. మబ్బులన్నీ తుడిచేస్తాండారు మీరు."

బస్సంతా నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. సాయిబు సంచిని నా చేతిలోంచి తీసుకుని, యూనిట్లకు దెబ్బ తగిలిందేమో తడిమి చూసుకుని, అప్పుడు నా ముఖం చూశాడు.

"ఏందప్పా నీ బాధ? ముందు కూచో. కూచోని చెప్పు."

కూర్చున్నాను, డబ్బా ఒళ్ళో పెట్టుకుని. టేపు మీద శబ్దాన్ని నిలిపేది అయస్కాంత గుణమేనని, ఇంకో పెద్ద అయస్కాంతం దాని మీద కూర్చుంటే అది చెరిగిపోతుందని చెప్పాను. పులివెందుల కుర్రవాడి సంగతి చెప్పాను. మెమో గురించి, నెలాఖరు పెండ్లి గురించి కూడా చెప్పేశాను. డ్రైవరు వెనక్కి తిరగకుండానే అంతా విన్నాడు.

"నా యూనిట్ల వల్ల ఒకని కూడు పోతాందా?" అన్నాడు సాయిబు.

"నువ్వు మా ఆఫీసుకొచ్చి వాటిని చూపిస్తే పోదు."

"పందిట్లో నా కోసరం కాచుకోనుంటారే. ఆలస్యమైతే తిట్టిపోస్తారు." సంచి నోరు బిగించి కట్టాడు. "తిట్టనీలే, పా."

ఆఫీసులో పెద్ద అధికారి కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఇన్‌చార్జి గారు నిలబడి ఉన్నారు. మైకుసెట్టు ఆయనతో నేను లోపలికి రావడం చూసి ఇద్దరూ ఒకేసారి ఆయనెవరని అడిగారు. నేనేమీ చెప్పకుండా ముందు టేపు యంత్రానికి ఎక్కించాను. కూత వినబడింది, యంత్రం కదిలింది. బస్సులో సంచి దాని మీద నిమిషమైనా ఉండలేదు కాబట్టి బొమ్మ మచ్చ లేకుండా వచ్చింది. తర్వాత టేపును చుట్టి డబ్బాలో పెట్టి, "సాయిబూ, నీ సంచి దీని మీద పెట్టు" అన్నాను. పెట్టాడు. అరగంట ఆగి మళ్ళీ యంత్రానికి ఎక్కించాను. ఈసారి కూత సగమే వినబడింది. నేను చేత్తో యంత్రాన్ని కదిలిస్తే బొమ్మ వచ్చింది, తెల్ల పట్టీలతో. పైన ఎడంగా, కింద దగ్గరగా.

పెద్ద అధికారి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తెలివైనవాడు, అంత తొందరగా ఒప్పుకోలేదు.

"సరే, ఇది జరగొచ్చు. కానీ మధ్యలో నెలకు పైగా ఏ లోపమూ లేదని మీరే రాశారు. అప్పుడు ఈయన ఆ బస్సు ఎక్కలేదా?"

నాకంటే ముందు సాయిబు నోరు తెరిచాడు.

"ఎక్కలేదు సార్. అది మూడం కదా. మూడంలో పెండ్లిండ్లు ఎవురు చేస్తారు? నా మైకులు అటక మీదనే ఉన్నెయి."

ఇన్‌చార్జి గారు గోడకున్న పంచాంగం క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి చూశారు. పట్టీలు వచ్చిన రోజులన్నీ ముహూర్తాలే. ఆయన బల్ల మీదున్న స్పిరిట్ సీసాను నెమ్మదిగా సొరుగులో పెట్టేశారు. ఇంత పెద్ద విజ్ఞానం, ఆకాశంలో తిరిగే ఉపగ్రహం, చివరికి దాని లోపాలు శుక్రమూఢం ప్రకారం నడిచాయి. మీరు నవ్వుతున్నారు, నవ్వండి. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఆపరేటరు మీద చర్య లేదని పెద్ద అధికారి అక్కడే సంతకం పెట్టాడు. పనిలో పనిగా టేపు తిరగేసి వినకూడదన్న రూలు కూడా కొట్టేశాడు. ఇక మీదట డబ్బా అరలో కాదు, ఎవరో ఒకరి ఒళ్ళో రావాలని కొత్త రూలు రాశాడు. అప్పుడు ఇన్‌చార్జి గారు అన్న మాటకు ఆయన మీద నాకున్న మంట సగం చల్లారింది. "ఆ అబ్బాయికి నేనే వెళ్ళి చెప్తానండీ" అన్నారు. మర్నాడు పొద్దున ఎండలో, ఆయాసపడుతూ, గుట్ట ఎక్కి చెప్పి వచ్చారు.

ఇక పెండ్లి. సాయిబు తానుగా వేంపల్లె వెళ్ళి, మైకు నాదే, మీరు పైసా ఇవ్వొద్దు అన్నాడు. మా వాడు ససేమిరా అన్నాడు.

"వద్దు మామా. ఆ పొద్దు కూడా డబ్బా బస్సులో పోవల్ల. మైకు మాట వింటేనే నాకు ఆ మెమో గుర్తొస్తాది."

"మైకు వేరే బండిలో తెస్తా."

"వద్దంటే వద్దు."

అందరూ చెప్పి చూశారు. పిల్ల తరఫువాళ్ళు గొణిగారు. మైకు లేని పెండ్లి ఆ రోజుల్లో ఎవరు చేసుకున్నారు? ఊరికి వినబడకపోతే అది పెండ్లే కాదు. వాడు వినలేదు. నేను తిట్టి చూశాను. ఆపద పోయాక కూడా దాని దడ మనిషిని అంత తొందరగా వదలదని, నా సంగతి చూసుకున్నాకే నాకు అర్థమైంది.

పెండ్లి రోజు పొద్దున గుట్ట మీద వాడి బదులు నేను ఏరియల్ తిప్పాను. చెయ్యి చచ్చుబడిపోయింది. టేపు తిరగేసి విన్నాను, బాగుంది. డబ్బాను బస్సెక్కించి, వేరే బస్సులో వేంపల్లెకు పరుగెత్తాను. నేను పోయేసరికి ముహూర్తం దగ్గర పడింది. మైకు లేని పందిరి, పురోహితుడి గొంతు పక్కింటికి కూడా వినబడడం లేదు. మేళగాళ్ళు మాత్రం కసి తీరా వాయిస్తున్నారు.

మా వాడు బాసికం కట్టుకుని పీటల మీద ఉన్నాడు. తాళి చేతిలోకి తీసుకున్నాడు, లేచి నిలబడ్డాడు, ఆగిపోయాడు. జనంలో ఎవరినో వెతుకుతున్నాడు. పురోహితుడు కానిమ్మన్నాడు. పిల్ల నాయన ముఖం మాడింది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను. నన్ను చూడగానే వాడు తల వంచి, మెల్లగా అడిగాడు.

"అన్నా, డబ్బా ఎవురి ఒళ్ళో ఉండాది?"

"సాయిబు ఒళ్ళో" అన్నాను. "ఈపొద్దు ఆయనకు వేరే పని లేదంట. పొద్దున్నే పులివెందులకొచ్చి కూచున్న్యాడు."

వాడు గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పుడు వంగి తాళి కట్టాడు.